రెండు చందనాలు, రెండు వంశాలు: శ్రీగంధం, ఎర్రచందనం

2016 ప్రిలిమ్స్ ప్రశ్నపత్రం దగ్గర ఉంటే ఒకసారి తీసి చూడండి. అందులో ఎర్రచందనం మీద ఒక ప్రశ్న ఉంది. రెండు వాక్యాలు ఇచ్చి ఏది సరైనదో చెప్పమన్నారు. ఇది దక్షిణ భారతంలో ఒక భాగంలో కనిపించే చెట్టు అన్నది మొదటి వాక్యం. దక్షిణ భారత ఉష్ణమండల వర్షారణ్యాల్లోని ముఖ్యమైన చెట్లలో ఇదొకటి అన్నది రెండోది. మొదటిది ఒప్పు, రెండోది తప్పు. తిరుమల మెట్లు ఎక్కినవాళ్ళకు ఈ ప్రశ్న లెక్కలోది కాదు. ఎండకు మాడే రాతి నేల, వేసవికి ముందే ఆకు రాల్చేసే చెట్లు, అక్కడక్కడా ముళ్ళపొదలు: శేషాచలం అడవి ఇదీ. దాన్ని వర్షారణ్యం అని ఎవరూ అనరు.

అయినా ఆ ప్రశ్న దగ్గర తడబడతాం. మనల్ని తప్పుదారి పట్టించేది ఆ పేరు. చందనం అనగానే మైసూరు గుర్తొస్తుంది, మైసూరు వెనకాల పడమటి కనుమలు, వాటి వెనకాల వాన గుర్తొస్తాయి. ఎర్రచందనాన్ని చందనంలో ఎర్ర రకం అనుకుంటే మిగతా తప్పులన్నీ వరసగా వస్తాయి: కుటుంబం తప్పు, నివాసం తప్పు, రక్షణ హోదా తప్పు. నేను మొదటిసారి నోట్సు రాసుకున్నప్పుడు రెండింటినీ ఒకే శీర్షిక కింద, ఒకే కుటుంబంలో పెట్టేశాను. ఏడాది తర్వాత గానీ దిద్దుకోలేదు. ఆ దిద్దుబాటు చేస్తున్నప్పుడు తెలిసిందే ఈ వ్యాసంలో రాస్తున్నాను. వర్గీకరణ, పరిరక్షణ హోదా అనేవి పర్యావరణం పేపర్‌కే పరిమితమని మనం అనుకుంటాం. ఈ రెండు చెట్ల విషయంలో అవి చరిత్ర పేపర్‌కు కూడా చెందుతాయి.

పేరు ఎలా కలిసింది

మన ప్రాచీనులు చెట్లను పువ్వును బట్టి కాక పనిని బట్టి విడదీశారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఖజానాకు చేరవలసిన విలువైన వస్తువుల పరీక్ష గురించి ఒక అధ్యాయం ఉంది. ముత్యాలు, మణులు, వజ్రాల తర్వాత చందనం వస్తుంది. అక్కడ రకరకాల చందనాలను రంగును బట్టి, వాసనను బట్టి, దొరికే చోటును బట్టి వేరుచేసి చెప్పారు. వాటిలో ఎర్రనివీ ఉన్నాయి. అది కోశాధికారి కోసం రాసిన జాబితా. వచ్చిన సరుకు అసలుదా కాదా, ఎంత విలువైనది అన్నవే అతనికి కావాలి. చెట్టుకు ఎన్ని రేకల పువ్వు పూస్తుందో అతనికి అక్కర్లేదు.

ఆయుర్వేదంలోనూ చందనం, రక్తచందనం పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటినీ సాన మీద అరగదీస్తారు, రెండింటినీ చలవ కోసం ఒంటికి పూస్తారు. కాబట్టి రెండూ చందనాలే. ఇంట్లో రెండు చెక్కలూ ఉంటే మీరే అరగదీసి చూడండి. ఒకటి లేత పసుపు ముద్దగా దిగుతుంది, గది నిండా వాసన వస్తుంది. రెండోది రక్తంలా ఎర్రగా దిగుతుంది, వాసన మాత్రం చెప్పుకోదగ్గది ఉండదు. ఒకదాని విలువ నూనెలో ఉంది, దాని ముఖ్య పదార్థాలు శాంటలాల్‌లు. రెండోదాని విలువ రంగులో, కలపలో ఉంది, ఆ రంగు పదార్థం శాంటలిన్. చూశారా, రసాయన శాస్త్రవేత్తలు కూడా రెండింటికీ ఒకే మూలం నుంచి పేర్లు పెట్టేశారు.

ఈ తేడాను బాగా గమనించిన విదేశీయుల్లో గార్సియా ద ఓర్టా ఒకడు. పోర్చుగీసు వైద్యుడు, గోవాలో స్థిరపడ్డాడు. భారతీయ మూలికల మీద ఆయన రాసిన గ్రంథం 1563లో గోవాలోనే అచ్చయింది. తైమూరు దీవి వైపు నుంచి వచ్చే సువాసన చందనం వేరు, కోరమాండల్ వైపు దొరికే వాసన లేని ఎర్ర చెక్క వేరు అని ఆయన గుర్తించాడు. అప్పటికే ఐరోపాలో ఎర్ర చెక్కపొడిని వంటల్లో రంగు కోసం వాడేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు చందనాన్ని పాతకాలంలో శాండర్స్ అనేవాళ్ళు. రెడ్ శాండర్స్ అన్న పేరు అలా నిలిచింది. ఆ పేరు ఏ మనిషిదీ కాదు.

పువ్వు చెప్పిన మాట

శ్రీగంధానికి శాస్త్రీయ నామం శాంటాలం ఆల్బమ్. పేరు పెట్టింది కార్ల్ లిన్నేయస్, 1753లో. ఆల్బమ్ అంటే తెల్లనిది. ఎర్రచందనానికి టీరోకార్పస్ శాంటాలినస్ అని పేరు పెట్టింది ఆయన కొడుకు. కొడుకు లిన్నేయస్ తండ్రి గ్రంథాలకు అనుబంధంగా ఒక పుస్తకం తెచ్చాడు. ముఖపత్రం మీద 1781 అని ఉంటుంది. టీరోకార్పస్ అంటే గ్రీకులో రెక్క ఉన్న కాయ. శాంటాలినస్ అంటే చందనం లాంటిది. 'లాంటిది' అన్న ఆ ఒక్క మాటలో మొత్తం విషయం ఉంది. వృక్షశాస్త్రం దాన్ని చందనం అనలేదు, చందనంతో పోల్చి వదిలేసింది.

కొడుకు లిన్నేయస్‌కు దక్షిణ భారతం నుంచి మొక్కల నమూనాలు పంపినవారిలో ముఖ్యుడు యొహాన్ గెర్హార్డ్ కోనిగ్. తండ్రి లిన్నేయస్ శిష్యుడు, తరంగంబాడిలో డేనిష్ మిషన్‌కు వైద్యుడిగా వచ్చాడు, తర్వాత ఆర్కాటు నవాబు దగ్గర, ఆపైన ఈస్టిండియా కంపెనీలో పనిచేశాడు. 1785లో మన కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో చనిపోయాడు. ఆయన పనిని ముందుకు తీసుకెళ్ళినవాడు సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్. కంపెనీకి వృక్షశాస్త్రం మీద అంత ప్రేమ ఎందుకంటే రంగులు, మందులు, కలప ఎక్కడ దొరుకుతాయో తెలియాలి కాబట్టి. ఆధునిక భారత చరిత్రలో శాస్త్ర విజ్ఞానం, వలస పాలన అన్న అంశం రాసేటప్పుడు ఈ ఇద్దరి పేర్లు పనికొస్తాయి.

ఇక వర్గీకరణ. రెండూ పుష్పించే మొక్కలే, రెండూ ద్విదళబీజాలే. పోలిక దాదాపు అక్కడితో సరి. శ్రీగంధం శాంటాలేల్స్ క్రమంలో శాంటాలేసీ కుటుంబానికి చెందుతుంది. ఎర్రచందనం ఫేబేల్స్ క్రమంలో ఫేబేసీ కుటుంబానికి, అంటే చిక్కుడు కుటుంబానికి చెందుతుంది. కంది, మినుము, చింత, వేరుశనగ దానికి చుట్టాలు. ఇంకా దగ్గరి చుట్టాలు కావాలంటే మన అడవుల్లోని వేగిస, అండమాన్ పడౌక్. ఆ రెండూ టీరోకార్పస్ ప్రజాతివే. డీఎన్‌ఏ ఆధారంగా చేసిన ఇప్పటి వర్గీకరణలో ఫేబేల్స్ గులాబీల వైపు పెద్ద శాఖలో ఉంటే, శాంటాలేల్స్ పొద్దుతిరుగుడు, టమాటా ఉన్న శాఖకు దగ్గరగా ఉంటుంది. వంశవృక్షం ప్రకారం ఎర్రచందనానికి శ్రీగంధం కన్నా మామిడే దగ్గర.

చెట్టు ముందు నిలబడితే ఈ తేడా తెలిసిపోతుంది. శ్రీగంధానికి ఆకులు ఒక్కొక్కటిగా, ఎదురెదురుగా ఉంటాయి. పువ్వు చిన్నది, మొదట గడ్డి రంగులో ఉండి తర్వాత ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగుకు మారుతుంది. వేరుగా ఆకర్షక పత్రాలు ఉండవు. కాయ గుండ్రం, పండితే నల్లగా, రసంతో ఉంటుంది. పిట్టలు తిని విత్తనాన్ని ఎక్కడెక్కడో వేస్తాయి. ఎర్రచందనానికి మూడేసి ఆకులు కలిసి ఉంటాయి, పువ్వు పసుపు, చిక్కుడు పువ్వు ఆకారం. కాయ బిళ్ళలా బల్లపరుపుగా ఉండి చుట్టూ రెక్క ఉంటుంది, గాలికి ఎగురుతుంది. లోపలి గింజ మొలవడం కష్టం.

అన్నిటికన్నా పెద్ద తేడా వేళ్ళలో ఉంది. శ్రీగంధం సగం పరాన్నజీవి. ఆకుల్లో పత్రహరితం ఉంది, సొంతంగా ఆహారం తయారు చేసుకుంటుంది. కానీ వేళ్ళతో పక్క చెట్ల వేళ్ళను పట్టుకుని హాస్టోరియం అనే అవయవం ద్వారా నీళ్ళు, పోషకాలు లాక్కుంటుంది. 1871లో జాన్ స్కాట్ ఈ విషయాన్ని నమోదు చేశాడు. అందుకే నర్సరీల్లో గంధపు మొక్క పక్కన కంది మొక్క పెడతారు. నత్రజనిని పట్టే చిక్కుడు కుటుంబపు చెట్లు దానికి మంచి ఆతిథేయులు. అంటే ఎర్రచందనానికి చుట్టం వరసైన కంది ఇక్కడ శ్రీగంధానికి పాలిచ్చే దాది. ఒంటరిగా నాటిన గంధపు చెట్టు బాగుపడదు. పరిరక్షణ చర్చలో ఈ అంశం చాలా ముఖ్యం. చుట్టూ ఉన్న అడవిని తీసేసి గంధపు చెట్టును మాత్రం కాపాడతాం అంటే కుదరదు.

రాజుగారి చెట్టు

శ్రీగంధం పుట్టిల్లు ఎక్కడ అన్నది పాత వాదన. తైమూరు, దాని చుట్టుపక్కల దీవుల నుంచి మనకు వచ్చిందని కొందరు వృక్షశాస్త్రజ్ఞులు అంటారు, ఇక్కడిదేనని మరికొందరు అంటారు. బళ్ళారి దగ్గరి సంగనకల్లు నవీన శిలాయుగ స్థలంలో గంధపు చెక్క బొగ్గు దొరికింది. దాని కాలం దాదాపు క్రీ.పూ. 1300. కాబట్టి వచ్చిందే అనుకున్నా మూడువేల ఏళ్ళకు పైగా ఇక్కడ ఉన్న చెట్టు. ఆరో శతాబ్దంలో కాస్మస్ అనే గ్రీకు యాత్రికుడు సింహళానికి తూర్పు దిక్కు నుంచి వచ్చే సరుకుల్లో చందనాన్ని పేర్కొన్నాడు. దక్షిణాసియా సముద్ర వర్తకం మీద ప్రశ్న వస్తే మిరియాలతో ఆగిపోకండి, దీన్నీ వాడండి.

మనకు కావాల్సిన మలుపు 1792. ఆ ఏడాది టిప్పు సుల్తాన్ శ్రీగంధాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. అదే ఏడాది శ్రీరంగపట్నం సంధితో సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయల పరిహారం ఇవ్వాల్సి వచ్చింది. ఒకటి రెండోదానికి కారణమని నేను అనను. కానీ ఖజానా ఖాళీ అయిన రాజుకు విలువైన చెట్టు మీద గుత్తాధిపత్యం ఎందుకు కావాలో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రకటన అర్థమేమిటో ఆగి ఆలోచించండి. రైతు పొలం గట్టు మీద గంధపు చెట్టు మొలిస్తే నేల రైతుది, చెట్టు మాత్రం రాజుది. 1799లో టిప్పు పోయాడు, నియమం పోలేదు. వడయార్లు వచ్చారు, 1831 నుంచి యాభై ఏళ్ళు ఇంగ్లీషు కమిషనర్లు పాలించారు, మళ్ళీ వడయార్లు వచ్చారు, స్వాతంత్ర్యం వచ్చింది. గంధపు చెట్టు సర్కారుదిగానే ఉంది. చెట్టు పోతే రైతే జవాబు చెప్పుకోవాలి. చెట్టు పెరిగితే లాభం సర్కారుది. ఇలాంటి చోట తెలివైన రైతు ఏం చేస్తాడు? మొలకగా ఉన్నప్పుడే పీకేస్తాడు. పరిరక్షణ కోసం పెట్టిన నియమమే చెట్టుకు శత్రువైంది అని సమాధానాల్లో రాస్తుంటాం గానీ, ఇది పరిరక్షణ కోసం పెట్టిన నియమం కాదు, ఆదాయం కోసం పెట్టింది. ఈ రెండింటినీ కలిపేస్తే అటవీ చట్టాల చరిత్ర మొత్తం తప్పుగా అర్థమవుతుంది. 1878 భారత అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం, 1927 చట్టం, వీటన్నిటి ముఖ్య చింత కలప, ఆదాయం, హక్కు. జాతి మిగులుతుందా అన్న ప్రశ్న చాలా తర్వాత వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఇంకో మలుపు. అంతవరకు మైసూరు చెక్క ఎక్కువగా ఐరోపాకు వెళ్ళి అక్కడ నూనె అయ్యేది. యుద్ధంతో దారి మూసుకుపోయి చెక్క పోగుపడింది. నాల్వడి కృష్ణరాజ వడయార్ రాజుగా, విశ్వేశ్వరయ్య దివానుగా ఉన్న మైసూరు ప్రభుత్వం, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సాయంతో 1916లో సొంతంగా నూనె తీయడం మొదలుపెట్టింది. మైసూరు శాండల్ సబ్బు పుట్టింది ఆ వరసలోనే. స్వదేశీ పరిశ్రమలకు ఉదాహరణగా ఇది చాలా బాగుంటుంది. పుస్తకాల్లో ఎందుకో టాటా ఉక్కు దగ్గరే ఆగిపోతారు.

ఈలోగా చెట్టుకు తెగులు పట్టింది. స్పైక్ అనే ఈ జబ్బును 1899లో కొడగులో మొదట గుర్తించారు. ఆకులు చిన్నవై, బిరుసుగా నిక్కబొడుచుకుని, రెండు మూడేళ్ళలో చెట్టు చచ్చిపోతుంది. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి దీనికి కారణమని తర్వాత తేలింది. నికరమైన మందు ఈనాటికీ లేదు. తెగులుకు దొంగతనం తోడైంది. ఇంకో చిక్కు ఏమిటంటే వేళ్ళలోనూ నూనె ఉంటుంది కాబట్టి గంధపు చెట్టును నరకరు, వేళ్ళతో సహా పెళ్ళగిస్తారు. కర్ణాటక, తమిళనాడు సరిహద్దు అడవుల్లో 2004 అక్టోబరులో వీరప్పన్ చనిపోయేనాటికి కొట్టదగ్గ పెద్ద చెట్లు సహజ అడవుల్లో చాలా చోట్ల కనుమరుగయ్యాయి. కేరళలోని మరయూరు లాంటి కొన్ని చోట్లే గట్టి కాపలా మధ్య మిగిలాయి.

కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలు సవరించి సొంత భూమిలోని గంధపు చెట్టు మీద యజమానికి హక్కు ఇచ్చాయి. 1792 నుంచి లెక్కపెడితే రెండు వందల ఏళ్ళు దాటింది.

కొండవాలు చెట్టు

ఎర్రచందనం కథ ఇంత పొడుగు కాదు, కానీ ఇరుకైనది. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండలు, నల్లమల దక్షిణపు అంచు: తూర్పు కనుమల దక్షిణ భాగంలో, చాలావరకు పాత చిత్తూరు, కడప, నెల్లూరు, ప్రకాశం, కర్నూలు జిల్లాల్లో ఇది సహజంగా పెరుగుతుంది. పక్కనే తమిళనాడు అంచులో కొంత. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా లేదు. ఇలాంటిదాన్ని స్థానీయ జాతి అంటాం. శ్రీగంధానికి ఈ మాట వాడకూడదు. అది మన దక్కను నుంచి ఇండోనేషియా దీవుల దాకా ఉంది.

ఎర్రచందనం మీద టిప్పు లాంటి రాజు ఎవరూ ముద్ర వేయలేదు. చాలాకాలం అది రంగు చెక్కగా, మంచి కలపగా ఓడలెక్కింది. దాన్ని ప్రమాదంలోకి నెట్టింది దూరదేశపు అభిరుచి. చైనాలో మింగ్, చింగ్ వంశాల కాలం నుంచి జితాన్ అనే ముదురు ఊదా కలపతో చేసిన సామాను రాజభవన వైభవానికి గుర్తు. మన ఎర్రచందనం ఆ జితాన్‌గా గుర్తింపు పొందిన కలప. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీవాద్యం తయారీకి దీన్ని వాడతారు. అలలు అలలుగా గీతలున్న దుంగకు ఎక్కువ ధర. శేషాచలంలో కూలివాడు నరికేది తన ఊళ్ళో ఎవరికీ అవసరం లేని సరుకు.

ఆ కూలివాడు ఎవరన్నది చరిత్ర విద్యార్థి తప్పక అడగాల్సిన ప్రశ్న. పట్టుబడిన వాళ్ళలో చాలామంది తమిళనాడులోని తిరువణ్ణామలై, వేలూరు, ధర్మపురి, సేలం జిల్లాల వాళ్ళు, అందులోనూ జవ్వాదు కొండల గిరిజనులు. జవ్వాదు కొండలు ఒకప్పుడు శ్రీగంధానికి పేరున్న అడవులు. అక్కడి చెట్టు తరిగిపోయాక, గొడ్డలి పనిలో చేయి తిరిగిన మనుషుల కోసం దళారులు వెతుక్కుంటూ వెళ్ళారు. వంశవృక్షంలో ఏ సంబంధం లేని రెండు చెట్లను ఇక్కడ మనిషి కూలి కలిపింది.

2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను స్మగ్లింగ్ ముఠాలు చంపేశాయి. 2015 ఏప్రిల్ 7న అదే కొండల్లో టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ జోక్యం చేసుకుంది. మీరు ఎథిక్స్ పేపర్‌లో ఈ ఘటన వాడదలుచుకుంటే రెండు తేదీలూ రాయండి. ఒకటి రాసి ఒకటి వదిలేయడం నాకు నచ్చదు. ఈ వ్యాపారంలో దుంగను ఓడ ఎక్కించి డబ్బు లెక్కపెట్టుకునేవాడు రెండు తేదీల్లోనూ అడవిలో లేడు.

హోదా అంటే ఏమిటి

ఇప్పుడు పరీక్షలో అడిగే చోటికి వద్దాం. ఐయూసీఎన్ ఎర్ర జాబితాలో శ్రీగంధం 'హాని పొందగల' జాతి. 1998 మదింపులో ఇదే, తర్వాతి మదింపులోనూ ఇదే. ఎర్రచందనం మాత్రం అటూ ఇటూ తిరిగింది. మొదట 'అపాయంలో ఉన్న' జాతి, 2018లో 'అపాయానికి చేరువలో' అని తగ్గించారు, 2021 మదింపులో మళ్ళీ 'అపాయంలో ఉన్న' జాతి అయింది. మీ చేతిలోని పుస్తకం 2018, 2021 మధ్య అచ్చయితే తప్పు ఉంటుంది. పెన్ను తీసుకుని ఇప్పుడే దిద్దుకోండి.

ఈ మెట్లు ఎలా నిర్ణయిస్తారో ఒక్కసారి చూస్తే ఇక మరిచిపోరు. ముఖ్యమైన కొలమానం తగ్గుదల. పదేళ్ళు లేదా మూడు తరాలు, వీటిలో ఏది ఎక్కువైతే ఆ కాలంలో సంఖ్య 30 శాతం తగ్గితే హాని పొందగలది, 50 శాతం తగ్గితే అపాయంలో ఉన్నది, 80 శాతం తగ్గితే తీవ్ర అపాయంలో ఉన్నది. ఎర్రచందనానికి 50 నుంచి 80 శాతం తగ్గుదల లెక్కకట్టారు. ఇక్కడ మూడు తరాలు అన్న మాట పట్టుకోండి. ఎలుకకు మూడు తరాలంటే ఏడాది కూడా కాకపోవచ్చు. నెమ్మదిగా పెరిగే అడవి చెట్టుకు దశాబ్దాలు వెనక్కి వెళ్ళాలి. అంటే హోదా నిర్ణయించేవాడు ఈరోజు అడవిలో ఎన్ని చెట్లున్నాయో లెక్కపెడితే చాలదు, మన తాతల నాటికి ఎన్ని ఉండేవో కూడా కట్టాలి. అది చరిత్రకారుడి పని. నేను మొదట్లో దీన్ని చరిత్ర పేపర్‌కు చెందిన విషయం అన్నది ఇందుకే.

ఇంకో సంగతి. ఈ హోదా సహజ ఆవాసంలోని చెట్లకు సంబంధించింది. వాయవ్య ఆస్ట్రేలియాలో కునునుర్రా చుట్టుపక్కల మన శ్రీగంధాన్నే వేల ఎకరాల్లో తోటలుగా పెంచుతున్నారు. మన దగ్గరా అనేకమంది రైతులు శ్రీగంధం, ఎర్రచందనం వేస్తున్నారు. తోటలు పెరిగినంత మాత్రాన ఎర్ర జాబితాలో మెట్టు మారదు. అలాగే బజారు ధరకూ హోదాకూ సంబంధం లేదు. శ్రీగంధం ఎంతో ఖరీదు, అయినా మెట్టు కింద ఉంది, ఎందుకంటే అది ఎక్కువ చోట్ల ఉంది.

సైటీస్ వేరే సంగతి. అది అంతర్జాతీయ వాణిజ్యం మీద ఒప్పందం. ఎర్రచందనం 1995 నుంచి దాని రెండో అనుబంధంలో ఉంది. అంటే వాణిజ్యం పూర్తిగా నిషేధం కాదు, అనుమతితోనే జరగాలి. 2004 నుంచి భారత్‌ను ఈ చెట్టు విషయంలో ప్రత్యేక వాణిజ్య సమీక్ష కింద పెట్టారు, 2023 నవంబరులో ఆ సమీక్ష నుంచి తొలగించారు. చాలామంది దీన్ని చూసి ఎర్రచందనం సైటీస్ నుంచే బయటికి వచ్చేసింది అని రాస్తున్నారు. రాలేదు, రెండో అనుబంధంలోనే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ సైటీస్ జాతుల కోసం నాలుగో షెడ్యూల్ కేటాయించింది. ఎర్రచందనం చట్టంలోకి ఆ దారిన వచ్చింది.

మరి శ్రీగంధం? శాంటాలం ఆల్బమ్ సైటీస్ అనుబంధాల్లో లేదు. వింతగా దాని కుటుంబానికే చెందిన తూర్పు ఆఫ్రికా చెట్టు ఓసైరిస్ లాన్సియోలాటా ఉంది. భారతీయ గంధం కరువై ధర పెరిగాక వ్యాపారులు దాని బదులు సరుకు కోసం కెన్యా, టాంజానియాల మీద పడ్డారు. 2013లో దాన్ని రెండో అనుబంధంలో చేర్చారు. ఒక చెట్టు అడవిలో తగ్గితే ఆ దెబ్బ సముద్రం అవతల ఇంకో చెట్టు మీద పడింది. ఇలా పడటం కొత్తేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో చైనా గిరాకీ కోసం హవాయి దీవుల చందనాన్ని కొట్టేశారు. చిలీకి చెందిన హువాన్ ఫెర్నాండెజ్ దీవుల చందనాన్ని సజీవంగా చివరిసారి చూసింది 1908లో, స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు కార్ల్ స్కాట్స్‌బర్గ్. శాంటాలం ప్రజాతిలో అది అంతరించిపోయిన జాతి. మన శ్రీగంధానికి అది సొంత చుట్టం.

సాధనకు ఒక ప్రశ్న ఇస్తున్నాను. 250 పదాల్లో రాసి చూడండి: 'రాజ్య గుత్తాధిపత్యం శ్రీగంధాన్ని, విదేశీ గిరాకీ ఎర్రచందనాన్ని అపాయంలోకి నెట్టాయి. ఉదాహరణలతో చర్చించండి.' మొదటి పేరాలోనే రెండు కుటుంబాల పేర్లు రాయండి. 1792, 2001 తప్పకుండా రావాలి. జవ్వాదు కొండల గురించి ఒక వాక్యమైనా ఉండాలి.